తపన మీటరు

తపన మీటరును కాత్యాయని తయారుచేసింది మాట పడిపోయినవాళ్ల కోసం. పక్షవాతం వచ్చి నోరూ చేతులూ కదపలేని మనిషికి ఏం కావాలో ఇంట్లోవాళ్లు ఊహించుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేదు. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక చిన్న నాడీశాస్త్ర ప్రయోగశాలలో ఆవిడ ఏళ్ల తరబడి ఆ దారి కోసమే వెతికింది.

దాన్ని మొదటిసారి మనిషి మీద పరీక్షించిన రోజున మంచం మీద ఉన్నది రాజ్యలక్ష్మమ్మ అనే పెద్దావిడ. నుదుటికి మెత్తటి పట్టీ కట్టారు. ఎదురుగా ఉన్నదాన్ని ఆ మనిషి ఎంతగా కోరుకుంటే తెర మీద ఆకుపచ్చ గీత అంతగా లేస్తుంది. కొడుకు ఆవిడకి ఇష్టమని కాజాలు తెచ్చి చూపించాడు. గీత కదల్లేదు. దేవుడి పటం చూపించాడు. కొంచెం కదిలి ఊరుకుంది. ఇంతలో నీళ్ల సీసా నింపుకొద్దామని కోడలు కుర్చీలోంచి లేచింది. గీత ఒక్కసారిగా తెర అంచుదాకా ఎగిసింది. కోడలు భయపడి మళ్లీ కూర్చుంటే నెమ్మదిగా దిగింది.

"నేను వెళ్లిపోతాననుకున్నావా అత్తయ్యా?" అని ఆ అమ్మాయి బావురుమంది.

గుమ్మం దగ్గర ఆమె కన్నా గట్టిగా ఏడుస్తున్న మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆయన కాత్యాయని భర్త సన్యాసిరావు. ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. భార్య ఇంట్లో మరిచిపోయిన కారియరు ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"ఏటే కాత్యా, ఇంత గొప్ప పని చేస్తున్నావని నాకెప్పుడూ చెప్పలేదేటి?" అన్నాడు ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిపొడుగునా. ఆయన అంతే. బడిలో పిల్లలు కబడ్డీలో గెలిచినా ఏడుస్తాడు, ఓడినా ఏడుస్తాడు. మనసులో ఉన్నది మొహం మీదికి రాకుండా ఆపడం ఆయనకి చేతకాదు. కూతురు తరళ మొదటిసారి ఈత కొట్టిన రోజున సముద్రపొడ్డున అందరికీ పుల్ల ఐసు కొనిపెట్టాడు, ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా.

మీటరు పనిచేసింది కానీ ఆసుపత్రులు కొనలేదు. ప్రయోగశాల జీతాలు ఇవ్వలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంఘం ఒకటి ముందుకొచ్చింది. ప్రయోగశాల అధిపతి ప్రొఫెసర్ దైవసహాయం కాగితాల మీద సంతకం పెడుతూ, "మాట పడిపోయినవాళ్ల మనసు కనిపెట్టడానికి చేశాం. వీళ్లు దేనికి వాడతారో నాకు తెలీదమ్మా. కానీ వీళ్లు తప్ప కొనేవాళ్లు లేరు," అన్నాడు. ఆ డబ్బుతో తన పరిశోధన సాగుతుంది కదా అనుకుంది కాత్యాయని.

వాళ్లు దాన్ని దేనికి వాడారో రెండేళ్లలో రాష్ట్రమంతటికీ తెలిసింది. పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ ఫీజు ఇంత అని ముందుగా చెప్పడం మానేశాయి. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పిల్లల తల్లినో తండ్రినో పిలిచి, నుదుటికి పట్టీ కట్టి, మాట్లాడించేవి. దానికి 'కుటుంబ నిబద్ధత పరీక్ష' అని పేరు పెట్టారు. గీత ఎంత లేస్తే ఫీజు అంత. ఆ సీటు కోసం ప్రాణం పెట్టే తండ్రి ఎంతైనా కడతాడు. సీటు రాకపోయినా పరవాలేదు అనుకునే తండ్రి తగ్గిస్తేనే కడతాడు. వాళ్ల లెక్క అది. కాత్యాయని ఇంటి పక్కనుండే ఒకావిడ పరీక్షలో సంతోషం పట్టలేక ఏడ్చింది. తర్వాత ఊళ్లో స్థలం అమ్ముకుంది. ఆవిడ పక్కనే కూర్చుని ఆవులించిన ఒక వ్యాపారస్తుడికి అలాంటి సీటే సగానికి సగం తక్కువకి వచ్చింది.

ఈ పరిస్థితిలో తరళ ఇంటర్ పూర్తయింది. ఆ పిల్లకి సముద్రశాస్త్రం కావాలి. సముద్రం లోపల నీళ్లు ఎటు నడుస్తాయో, ఎందుకు వేడెక్కుతున్నాయో చదవాలి. ఆ చదువు బాగా చెప్పేవి మూడే విశ్వవిద్యాలయాలు: సాగరిక, త్రివిక్రమ, మేధావని. భోజనాల బల్ల మీద సన్యాసిరావు క్రీడోత్సవం పోస్టరు తిరగేసి పరిచి, మూడు నిలువు గీతలు గీశాడు. ఎక్కడ ఎంతమందికి సీటు వస్తుంది, ఎక్కడ సొంత పడవ ఉంది, ఎక్కడ హాస్టలు తిండి బాగుంటుంది, అన్నీ రాశాడు. ఫీజు అన్న గడి మూడింటికీ ఖాళీగా ఉండిపోయింది.

"మేధావనిలో రావాలి నాన్నా. కానీ అక్కడ అరవై మంది రాస్తే ఒక్కరికి వస్తుంది," అంది తరళ.

"ఆ ఒక్కరూ నువ్వే. మరేటి?" అన్నాడు సన్యాసిరావు.

త్రివిక్రమ ప్రవేశ పరీక్ష దగ్గరే తలుపు మూసేసింది. సాగరికలోనూ మేధావనిలోనూ తరళ నెగ్గింది. ముందు పిలుపు సాగరిక నుంచి వచ్చింది. మీటరు తయారీలో ఉన్నవాళ్లు పరీక్షకి కూర్చోకూడదని నియమం ఉంది కాబట్టి కాత్యాయని కూర్చోవడానికి వీల్లేదు. సన్యాసిరావే కూర్చోవాలి.

వెళ్లేముందు కాత్యాయని ఆయనని ప్రయోగశాలకి తీసుకెళ్లి అలవాటు చేయించింది. "తరళ పేరు వినగానే వేరే ఏదైనా తలుచుకోండి. క్రికెట్టు స్కోరు తలుచుకోండి. ఎక్కాలు చెప్పుకోండి," అంది. ఆయన పట్టీ కట్టుకుని కళ్లు మూసుకుని పదమూడో ఎక్కం మొదలుపెట్టాడు. "సాగరిక" అంది ఆవిడ. గీత తెర అంచుకి కొట్టుకుంది.

"ఎక్కం కూడా తప్పావా?" అన్నాడు దైవసహాయం నవ్వుతూ.

"లేదండీ. పదమూడేళ్లప్పుడు తరళ ఎలాగుండేదో గుర్తొచ్చేసింది," అన్నాడు సన్యాసిరావు సిగ్గుపడుతూ.

మొహాన్ని దాచుకోవడం నేర్పే కోచింగు సెంటర్లు ఊరినిండా వెలిశాయి. సన్యాసిరావు ఒక దాన్లో చేరాడు కూడా. మొహం బిగించడం వచ్చింది కానీ మీటరు చదివేది మొహాన్ని కాదు. సాగరికలో పట్టీ కట్టిన కాసేపటికే, ఎదురుగా కూర్చున్న అమ్మాయి తెర వంక చూసి జాలిగా నవ్విందట. వాళ్లు చెప్పిన ఫీజు విని సన్యాసిరావు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఇద్దరి జీతాలూ పూర్తిగా పోసినా, ఇల్లు తాకట్టు పెట్టినా చాలదు.

"ఇక్కడ గవర్నమెంటు కాలేజీలో బీయస్సీ చేస్తాను నాన్నా. నాకేం బాధ లేదు," అంది తరళ. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి ఉంది.

"నువ్వూరుకో," అన్నాడాయన. కూతురితో ఆ స్వరంలో ఎప్పుడూ మాట్లాడి ఎరగడు.

మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తున్న భార్య దగ్గరికి వచ్చాడు. "మీ లేబరేటరీలో తాగుబోతులకి తాగుడు మీద యావ పోగొడతారు కదా?"

కాత్యాయని చేతిలో తడి చీర ఆగిపోయింది. ఆయన అడగబోయేది ఆవిడకి అర్థమైంది. మీటరు పనిలో బయటపడిన ఇంకో సంగతి అది. మనిషి ఒక కోరికని మనసులో నిలుపుకున్నప్పుడు, పుర్రె మీద ఒక చోట చాలా సన్నని విద్యుత్తు పంపితే ఆ కోరిక పలచబడుతుంది. తాగుడు మానలేనివాళ్లు కొందరికి దాంతో కొన్ని నెలలు సుఖం దొరికింది. తర్వాత కోరిక మళ్లీ వచ్చేసేది.

"అది తాగుడండీ. ఇది తరళ," అంది.

"మళ్లీ వచ్చేస్తాది కదా. నువ్వే అన్నావు. పరీక్ష అయ్యేదాకా లేకపోతే చాలు."

దైవసహాయం ఒప్పుకోలేదు. "తాగుబోతు ఇల్లు దాటితే సారా దుకాణం కనిపిస్తుంది. వాసన వస్తుంది. అదే వాణ్ణి మళ్లీ పిలుస్తుంది. అందుకే కోరిక తిరిగొస్తోంది. కూతురి భవిష్యత్తుకి వాసన ఎక్కడుందయ్యా? అది నీ లోపల్నుంచే రావాలి. ఆ లోపలిదాన్నే మనం తగ్గిస్తున్నాం."

"మా ఆవిడ తయారుచేసిన మిషను. నాకు నమ్మకం ఉంది సార్," అన్నాడు సన్యాసిరావు.

ఆ నమ్మకం ముందు కాత్యాయని కాదనలేకపోయింది. కాదనాలని ఆవిడకి గట్టిగా లేదు కూడా. సాగరిక ఫీజు విన్నప్పటి నుంచి ఆవిడ మనసు కూడా అటే తిరుగుతోంది. తన యంత్రమే కూతురి దారికి అడ్డం పడిందన్న బాధ ఒకటి, దాన్ని తన యంత్రంతోనే తీసేయొచ్చన్న ఆశ ఒకటి. ఆవిడ ఆ ఆశ వైపే మొగ్గింది.

ఆదివారం ఉదయం ప్రయోగశాలలో కాత్యాయని, సన్యాసిరావు, మనసొప్పకపోయినా తోడుగా వచ్చిన దైవసహాయం, ముగ్గురే ఉన్నారు. సన్యాసిరావు కుర్చీలో వాలి కూర్చున్నాడు. కాత్యాయని ఆయన నుదుటికి మీటరు పట్టీ కట్టి, వైర్లు అమర్చింది.

"తరళ మేధావనిలో చదువుతున్నట్టు ఊహించుకోండి. కళ్ల ముందు కనబడేదంతా పైకి చెప్పండి," అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మొహం వెలిగింది. "పెద్ద గేటు. లోపల రెండు పక్కలా చెట్లు. మన తరళ సైకిల్ తొక్కుకుంటూ వస్తాది. జుట్టంతా మొహం మీద పడుతుంటాది, ముడెయ్యమంటే వినదు కదా. నన్ను చూసి సైకిల్ అక్కడే పడేసి పరిగెత్తుకొస్తాది. పక్కనున్న పిల్లలకి 'మా నాన్న' అని చెప్తాది. సిగ్గుపడదు. నేను ఈ కాన్వాసు బూట్లతోనే వెళ్తాను. లేబరేటరీ అంతా తిప్పి చూపిస్తాది. నాకేటీ అర్థం కాదు. అయినా తలూపుతాను. అది పట్టేస్తాది, నీకర్థం కాలేదు నాన్నా అని నవ్వుతాది..."

కాత్యాయని మీట నొక్కింది. కాసేపు ఆగి, "మళ్లీ చెప్పండి," అంది.

"గేటు. చెట్లు. తరళ సైకిల్ మీద వస్తాది. నన్ను చూసి ఆగుతాది. బాగున్నావా నాన్నా అంటాది. లేబరేటరీ చూపిస్తాది."

దైవసహాయం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గీత ఇంకా సగంలోనే ఉంది. కాత్యాయని మళ్లీ నొక్కింది.

"మళ్లీ చెప్పండి."

"గేటుంది. చెట్లున్నాయి. పిల్లలు వస్తన్నారు, పోతన్నారు."

"తరళో?"

"ఆఁ... ఉంది. అక్కడే ఉంది."

గీత పడుకుంది. ఆయన కళ్లు తెరిచి, కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేచాడు. "అయిపోయిందా? ఆకలేస్తోంది కాత్యా. దార్లో ఇడ్లీ తినేసి పోదాం," అన్నాడు.

మేధావనిలో పరీక్ష చాలా తొందరగా అయిపోయింది. కాత్యాయని, తరళ గాజు తలుపు బయట నిలబడి చూశారు. లోపల అధికారి రెండుసార్లు పట్టీ సరిచేశాడు. యంత్రం పాడైందేమోనని తన నుదుటికి కట్టుకుని చూసుకున్నాడు. చివరికి అడిగాడు, "మీకు ఈ సీటు అవసరమేనా అండీ?"

"మా ఆవిడా అమ్మాయీ అవసరం అనుకుంటన్నారు," అన్నాడు సన్యాసిరావు మర్యాదగా.

వాళ్లు వేసిన ఫీజు గవర్నమెంటు కాలేజీ ఖర్చుకి కాస్త ఎక్కువ, అంతే. తరళ ఆ వరండాలోనే గెంతింది. తండ్రిని రెండు చేతులా చుట్టేసుకుంది. "ఎంత బాగా నటించావు నాన్నా! నీకు రాదనుకున్నాను!"

"బావుంది. బస్సుకి టైమవుతాంది, పదండి," అన్నాడాయన.

తరళ ఇంకా నవ్వుతూనే ఉంది. ఇంకా నటిస్తున్నాడనుకుంది.

వానలు మొదలయ్యాక తరళ హాస్టలుకి వెళ్లింది. ఇక ఇవాళో రేపో ఆయనకి ఆ ఆశ మళ్లీ వస్తుందని కాత్యాయని ఎదురుచూసింది. ఫోను మోగితే ఆయన మొహం వైపు చూసేది. సన్యాసిరావు ఎప్పటిలాగే మంచిగా ఉండేవాడు. బడిలో ఖోఖో జట్టు ఓడిపోతే కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. తరళకి జ్వరమని తెలిస్తే మందు పేరు చెప్పేవాడు. "తిన్నావా?" అని అడిగేవాడు. కానీ ఆ పిల్ల తన చదువు సంగతి చెప్పడం మొదలుపెడితే, "అమ్మకివ్వమంటావా?" అని ఫోను అందించేసేవాడు. ఆయన కోపంగా లేడు. విసుగ్గా కూడా లేడు. పక్కింటి వాళ్లమ్మాయి గురించి వింటున్నట్టు ఉండేవాడు.

తాగుబోతులకి తిరిగొచ్చినట్టు ఆయనకి రాలేదు. బిడ్డ మీద ప్రేమ ఒకచోట, ఆ బిడ్డ ముందు రోజుల మీద ఆశ ఇంకోచోట వేరువేరుగా ఉంటాయని కాత్యాయని అనుకుంది. కుర్చీలో కూర్చోబెట్టేముందు వాటిని విడదీసి చూసినవాళ్లెవరూ లేరు. ఆవిడా చూడలేదు. ఆయనని మళ్లీ మళ్లీ ప్రయోగశాలకి తీసుకెళ్లింది. విద్యుత్తు దిశ మార్చి చూసింది. గీత కాస్త వణికి పడుకునేది.

"ఇంక ఆపమ్మా. ఇంకా కెలికితే ఉన్నది కూడా పోతుంది," అన్నాడు దైవసహాయం ఒకరోజు.

సన్యాసిరావు మాత్రం బట్టతల మీద జెల్లు తుడుచుకుంటూ, "నాకేటీ బాధ లేదే. నువ్వెందుకంత ఇదైపోతున్నావు?" అన్నాడు. నిజంగానే ఆయనకి బాధ లేదు. ఆ మాట విన్నాక కాత్యాయని ఇంకెప్పుడూ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోమనలేదు.

మొదటి ఏడాది సెలవులకి తరళ ఇంటికి వచ్చింది. బంగాళాఖాతంలో నీటి పొరల మీద తను రాసిన వ్యాసానికి బహుమతి వచ్చింది. ఆ పతకాన్ని తండ్రి అరచేతిలో పెట్టింది. ఆయన తిప్పి చూసి, "బరువుగానే ఉందే," అని బల్ల మీద పెట్టి, టీవీలో కబడ్డీ వైపు తిరిగాడు.

తరళ వంటింట్లోకి వచ్చింది. కాత్యాయని చేపలు కడుగుతోంది.

"నాన్నకి నా మీద దేనికి కోపం?"

"కోపమేం లేదే."

"మరేంటమ్మా? నేను వెళ్లడం ఇష్టం లేదా? ఏడాది నుంచీ అడుగుతున్నాను, నువ్వు మాట మారుస్తున్నావు."

కాత్యాయని కుళాయి కట్టేసింది. చెయ్యి తుడుచుకోకుండానే చెప్పింది. కుర్చీ సంగతి, మీట సంగతి, ఆయన మూడుసార్లు చెప్పిన మాటల సంగతి, అన్నీ. తరళ గోడకి ఆనుకుని విన్నది.

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వద్దనేదానివి."

"అననిచ్చి ఉండాల్సింది కదమ్మా! ఫీజు కట్టలేకపోతే ఏమయ్యేది? వెళ్లేదాన్ని కాదు. ఇక్కడే చదివేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే నాన్న ఉండేవాడు." ఆ పిల్ల టీవీ గది వైపు చూసింది. "అక్కడ నాకు ఏది బాగా వచ్చినా ముందు ఆయనకే చెప్పాలనిపిస్తుంది. ఇంకెవరికి చెప్పను?"

కాత్యాయని దగ్గరికి వెళ్లబోయింది. తరళ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ సెలవులంతా తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. తండ్రి దగ్గర మాత్రం కూర్చునేది. కబడ్డీ నియమాలు అడిగి తెలుసుకునేది. అవి చెప్పేటప్పుడు ఆయన మొహం మునుపటిలాగే వెలిగేది. తరళ ఆ వెలుగునే చూస్తూ కూర్చునేది.

మరుసటి ఏడాది ఈ ఫీజుల పద్ధతి వద్దంటూ రాష్ట్రమంతటా తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. కేసులు పడ్డాయి. కాత్యాయని కూడా కోర్టులో నిలబడి మీటరు ఎలా పనిచేస్తుందో, దాన్ని దేనికోసం చేశారో, ఏమైందో చెప్పింది. తన ఇంట్లో జరిగింది కూడా దాచలేదు. కోర్టు దాన్ని ప్రవేశాల్లో వాడకూడదంది. విశ్వవిద్యాలయాలు మళ్లీ అందరికీ ఒకే ఫీజు పెట్టి, ముందుగానే ప్రకటించాయి. ఆ పట్టిక పేపర్లో వచ్చిన రోజున కాత్యాయని మేధావని వరస వెతికి చదివింది. కష్టమే. కానీ అప్పు చేస్తే కట్టగలిగేదే. తరళని రెండేళ్లు ఆగమని ఉంటే సరిపోయేది. ఆవిడ పేపరు మడిచి సన్యాసిరావుకి ఇచ్చింది. ఆయన క్రీడల పేజీ తీసుకున్నాడు.

కాత్యాయని ప్రయోగశాల ఉద్యోగం వదిలేసింది. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకి పాత మీటరొకటి పట్టుకుని స్వయంగా వెళ్తూ ఉండేది. దాన్ని మొదట దేనికోసం చేసిందో ఆ ఒక్క పనికీ వాడేది.

తరళ చదువు పూర్తయ్యాక సముద్ర పరిశోధన నౌకలో పని వచ్చింది. ఆ నౌక విశాఖ రేవు నుంచే బయల్దేరింది. నాలుగైదు నెలల ప్రయాణం. రేవులో ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. ఎవరో పూలదండలు తెచ్చారు, ఎవరో పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సన్యాసిరావు పక్కనున్న క్రేను వంక చూస్తూ, "ఎంత బరువు ఎత్తగలదో ఇది," అన్నాడు.

నౌక కదిలింది. పై అంతస్తు కమ్మీల దగ్గర నీలం చొక్కా వేసుకుని తరళ కనిపించింది. ఒక చెయ్యి పైకెత్తి ఊపుతోంది. చుట్టూ అందరూ ఊపుతున్నారు. సన్యాసిరావు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని క్రేనునే చూస్తున్నాడు.

"ఏమండీ, అటు చూడండి. చెయ్యి ఊపండి," అంది కాత్యాయని నెమ్మదిగా.

"ఎవరికి?"

"తరళకి."

"ఓ, అలాగే," అని ఆయన చెయ్యెత్తి ఊపాడు. అది మామూలుగా రైలు స్టేషన్లో ఎవరినైనా పంపేటప్పుడు ఊపే ఊపు. నౌక మలుపు తిరిగేదాకా ఊపమని కాత్యాయని ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఫోను మోగింది. నౌక ఇంకా సిగ్నలు అందేంత దూరంలోనే ఉంది. అవతల గాలి హోరు, దాని మధ్య తరళ గొంతు.

"అమ్మా, నాన్న చెయ్యి ఊపాడు కదా? నేను చూశాను. చాలాసేపు ఊపాడు."

"ఊపారు తల్లీ."

గాలి హోరు తగ్గింది. తరళ లోపలికి నడిచినట్టుంది.

"నువ్వు చెప్పావా, ఊపమని?"

పక్క గదిలో సన్యాసిరావు కొత్త వాలీబాలుకి పంపుతో గాలి కొడుతున్నాడు. ప్రతి నొక్కుకీ చిన్నగా ఈల వేస్తున్నాడు.

"లేదమ్మా," అంది కాత్యాయని. "ఆయనంతట ఆయనే ఊపారు."